మూడు దెబ్బల మేకు

మా బావ వడ్రంగి. ఊళ్లో సగం తలుపులు ఆయన బిగించినవే. ఎవరింటికెళ్లినా ముందు తలుపు అంచు మీద వేలు రాసి చూస్తాడు, ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు. తాను చేసిన తలుపు పాతికేళ్లయినా కిర్రుమనకూడదని ఆయన పంతం. అంతటి పనిమంతుడి సొంతింట్లో మాత్రం ఒక్క మేకూ పూర్తిగా దిగి ఉండదు.

వెటకారానికి అంటున్న మాట కాదు. బట్టలు తగిలించే కొయ్య, వంటింటి అర, గోడగడియారం, దేని మేకు చూసినా తల సగం బయటికి పొడుచుకునే ఉంటుంది. మూడు దెబ్బలు కొట్టి సుత్తి కింద పెట్టేస్తాడు. "నాలుగు రోజులుండి పోయేవాటికి మూడు దెబ్బలు చాల్లే" అంటాడు. ఆ తలలకు తగులుకుని మా అక్క బట్ట చింపుకోని వారం లేదు.

ఈ నాలుగు రోజుల లెక్క ఇరవై రెండేళ్ల కిందట మొదలైంది. మా ప్రార్థనాలయానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు వరసగా ఆరు ఆదివారాలు అంత్యదినాల గురించి చెప్పారు. యూదులు యెరూషలేములో తమ దేవాలయాన్ని మళ్లీ కడతారు, అది లేచిందంటే లోకానికి గడువు దగ్గర పడ్డట్టే, కష్టాలూ శ్రమలూ మొదలవక ముందే ప్రభువు వచ్చి తనవాళ్లను పైకి తీసుకుపోతాడు అని సారాంశం. నేనూ ఆ సంఘంలోదాన్నే, నమ్మనిదాన్ని కాదు. కాకపోతే పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాసే ఉద్యోగం నాది. ఆదివారం ఏం విన్నా సోమవారం ఎవరెవరు వస్తారో రాసుకోవడం మానలేదు. బావ మాత్రం విన్నదంతా ఒంటబట్టించుకున్నాడు. పేపర్లో దేవాలయమనో, బలిపీఠమనో, శుద్ధికి కావలసిన ఎర్ర పెయ్య పుట్టిందనో కనపడితే చాలు, ఆ ముక్క కత్తిరించి అట్టపెట్టెలో దాచేవాడు. అట్టపెట్టెలు ఇప్పటికి తొమ్మిదయ్యాయి.

ఆ ఏడే వాళ్లు ఇల్లు కొన్నారు. వెనక తలుపు తీస్తే పెరడు నడుమెత్తు కిందుంటుంది. అమ్మినాయన మెట్లు కట్టకుండానే చేతులు దులుపుకున్నాడు. బావ పెద్దదొకటి, చిన్నదొకటి రెండు చెక్కపెట్టెలు తెచ్చి పక్కపక్కన పెట్టి, పైన పలకలు వేసి, తన మూడు దెబ్బల మేకులు కొట్టాడు. కుళాయీ, బట్టల తీగా రెండూ పెరట్లోనే. అక్క రోజుకి ఇరవైసార్లు ఆ పెట్టెల మీదుగానే దిగి ఎక్కేది.

మొదటి ఏడు అడిగింది. "ఏవండీ, ఆ వెనక నాలుగు మెట్లు చేసి పెట్టరాదూ?"

"అక్కడ దేవాలయం లేవబోతుంటే మనకు మెట్లెందుకే?" అన్నాడు.

పదో ఏట మళ్లీ అడిగింది. "పదేళ్లాగినదానివి ఇంకో పది రోజులు ఆగలేవా?" అన్నాడు. ఆ తర్వాత అడగడం మానేసింది.

ఆయనకు బద్ధకమైతే తిట్టి చేయించేదాన్ని. బద్ధకం కాదు, అదే వచ్చిన చిక్కు.

కిందటేడు పాస్టరుగారు ఒక పని ఒప్పగించారు. ప్రవక్తకు దర్శనంలో కనపడ్డ దేవాలయాన్ని, ఆ కొలతల ప్రకారమే, చెక్కతో నమూనాగా చేసివ్వాలి. ప్రవచన కూటాల్లో దాన్ని ముందు పెట్టుకుని వివరిస్తారట. బావకు కాళ్లు నేల మీద ఆగలేదు. మూరకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, లెక్క కట్టి ముందు ఒక కొలకర్ర చేసుకున్నాడు. దాని మీద గీతలు వెంట్రుకల్లా ఉంటాయి. ఆ కర్రతో పద్నాలుగు నెలలు పని చేశాడు. దేవుడి ఆలయం కట్టేచోట సుత్తి చప్పుడు వినపడకూడదని మేకులే వాడలేదు. అన్నీ చెక్క చీలలు, జిగురు. కొట్లో చిత్రిక పట్టే చప్పుడు తప్ప ఇంకేం ఉండేది కాదు. బయటి తలుపుల పనులు సగానికి సగం తిప్పి పంపేశాడు.

నమూనా చూపించే ఆదివారం ఇంకా పదిహేను రోజులుందనగా అక్క పడింది. తడిబట్టల బకెట్టుతో దిగుతుంటే పై పలక మేకు ఊడి వచ్చేసింది. పక్కింటావిడ క్లినిక్కుకి ఫోన్ చేస్తే పరిగెత్తాను. చీలమండ పైన ఎముక విరిగింది. ఐదు వారాలు కట్టు అన్నారు. ఆసుపత్రి నుంచి తిన్నగా మా ఇంటికి తీసుకొచ్చేశాను.

సాయంత్రం బావ అక్క బట్టలు సంచిలో పెట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి, అలవాటు చొప్పున తలుపంచు మీద వేలు రాసి, "ఇంటికెప్పుడొస్తావే?" అన్నాడు.

"మెట్లయ్యాక."

"ఇప్పుడు మెట్లేంటే? ఇంకెంత, రాకడ దగ్గర్లో..."

"రాకడొస్తే ప్రభువుకి మా చెల్లెలి ఇల్లు కూడా తెలుసులెండి. ఇక్కడ్నుంచే తీసుకుపోతాడు. ఆ పెట్టెలెక్కడానికి మాత్రం నేను రాను."

ముప్ఫై ఏళ్ల కాపురంలో అక్క ఆయనతో అంత పొడుగు మాట ఆడటం నేను వినలేదు. అలక అయితే రెండ్రోజుల్లో దిగేది. ఇది అలక కాదని ఆయనకూ అర్థమైంది.

సాగనంపడానికి వీధిలోకి వచ్చాను. "మెట్లు కట్టానంటే ప్రభువు రాడని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు కాదా?" అన్నాడు. అడగడం కాదు, బతిమాలుతున్నట్టుంది.

"అయితే అక్క రాదని రాసుకో బావా" అన్నాను. కోపంతోనే అన్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

నమూనా చూపించే ఆదివారం అక్క వెళ్తానంది. ప్రార్థనాలయం ముందు రెండు మెట్లుంటే కుర్చీతో సహా ఎత్తి లోపల దించాం. నమూనా నిజంగా గొప్పగా ఉంది, ఆ మాట దాచను. అందరూ చూసి పక్కకు తప్పుకున్నాక బావ తన భూతద్దం అక్క చేతికిచ్చాడు. ఆమె కుర్చీలోంచి వంగి చాలాసేపు చూసింది.

"ఇవేంటి?"

"మెట్లు. బయటి ద్వారానికి ఏడు, లోపలి ద్వారానికి ఎనిమిది. ప్రవక్త చెప్పిన లెక్కే."

అక్క ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "అన్నీ ఒకే ఎత్తున్నాయి. ఎక్కేవాళ్లకి కాలు తడబడదు. చాలా బాగా చేశారండీ" అంది.

ఎత్తిపొడవలేదు. నిజంగానే మెచ్చుకుంది. ఎత్తిపొడిచి ఉంటే బావ తట్టుకునేవాడే. భూతద్దం వెనక్కి తీసుకుని, తుడిచిందే తుడుస్తూ నిలబడిపోయాడు. పాస్టరుగారు రెండుసార్లు పేరు పెట్టి పిలిచినా వినపడలేదు. నాకు ఆయన మీద జాలేసింది, అదీ చాలా ఏళ్ల తర్వాత.

కట్టు విప్పిన మర్నాడు మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఆ కొలకర్రే ఉంది. అక్క ముందు నేల మీద చతికిలబడి, "కాలు ఎంతవరకు లేపగలవో లేపు" అన్నాడు.

అక్క నా వైపు చూసింది. మెల్లగా లేపింది. జానెడు కూడా లేవలేదు.

"నొప్పి లేకుండా ఎంత లేస్తుందో చెప్పు. మొహమాటపడకు."

కొంచెం దించింది. బావ కర్రను తిరగేశాడు. గీతల్లేని రెండో వైపున, ఆమె అరికాలి దగ్గర, చెవి మీది పెన్సిల్ తీసి గుర్తు పెట్టాడు.

"రాకడ సంగతి?" అన్నాను, నోరు ఊరుకోక.

"దగ్గర్లోనే ఉంది. అందులో మార్పేం లేదు" అన్నాడు తలెత్తకుండా. "రేపే వచ్చినా ఇవాళ బట్టలారేయాలిగా."

నాలుగు రోజుల తర్వాత అక్కను ఇంట్లో దింపడానికి వెళ్లాను. ముందు గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చాను. బావ వెనకాల మెట్లకు చివరి పలక బిగిస్తున్నాడు. సుత్తి చప్పుడు మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఆగింది.

అక్క గ్లాసు పట్టుకుని కదలకుండా ఉండిపోయింది. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో చప్పుడు అక్కడితోనే అయిపోతుంది.

నాలుగో దెబ్బ పడింది. తర్వాత ఐదోది. ఆరోదానికి మేకు తల చెక్కలో కలిసిపోయిన చప్పుడు మాకు లోపలికి వినిపించింది. అక్క గ్లాసు పక్కన పెట్టి, బకెట్టు ఎక్కడుందని నన్నడిగింది.