మావయ్య కట్టిన మూడొందల ఏళ్ల కొత్త ఇల్లు

మా అత్తయ్య పొయ్యి ముట్టించిందంటే ఆ సంగతి ఊరికి వేరే చెప్పక్కర్లేదు. పెరట్లో పెంకుల పాక, అందులో ఊకపొయ్యి. పొగ ముందు పాకని నింపి, పెరడు దాటి, కాలవ దాటి, గుడ్లవల్లేరు స్టేషన్లో బందరు రైలు కోసం నిలబడ్డవాళ్లందరి చేతా దగ్గించి, రైలొస్తే అది కూడా ఎక్కి వెళ్లిపోయేదని నా గట్టి నమ్మకం. ఆ పాకలో అత్తయ్య ఇరవై రెండేళ్లు వండింది. కళ్లు ఎప్పుడూ అప్పుడే ఏడ్చి లేచినట్టుండేవి. కొత్తగా వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే చెప్పులు విడిచి, గొంతు తగ్గించి, "ఎవరు పోయారమ్మా?" అని అడిగేవాళ్లు.

"ఎవరూ పోలేదండీ. పప్పు ఉడుకుతోంది" అనేది అత్తయ్య.

గ్యాసుకి పేరు రాయించి చాలా కాలమైంది. అయినా రోజూ పదిహేను మందికి తక్కువ కాకుండా తినే ఇంట్లో, దొంగ కూడా దాక్కోగలిగినంత డేగిసాని ఆ బుల్లి మంట మీద పెట్టి ఏం వండుతానని ఆవిడ దాని మీద ఆశ పెట్టుకోలేదు.

తొంభైల నడుమ మావయ్యకి కృత్తివెన్ను చెరువుల్లో వరసగా రెండు పంటలు రొయ్య కలిసొచ్చింది. డెల్టాలో మనిషికి రొయ్య కలిసొస్తే తర్వాత పని ఇల్లు కట్టడమే. మావయ్య మాత్రం అందరిలా కట్టనన్నాడు. "గుడివాడ నుంచి బందరు దాకా ఎవడింటికీ లేని మోడల్ కావాలి" అని రోజుకి నలభైసార్లు అనేవాడు. నిద్రలో అన్నవి నేను లెక్కలోకి తీసుకోలేదు.

అత్తయ్య ఒకటే మాట అంది. "ఏ మోడలైనా కట్టుకోండి. నాకు పొగలేని వంటిల్లు ఒక్కటి చాలు."

"వంటిల్లు వీధిలోంచి కనబడుతుందా ఏంటే? దాని సంగతి తర్వాత చూద్దాం."

నేనప్పుడు బందరులో ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పేవాణ్ణి. పాఠ్యపుస్తకాలకి అట్టలు వేసుకోవడానికి కోనేరు సెంటర్ దగ్గర పాత కాగితాల కొట్లో ఒక అమెరికా క్యాలెండరు కొన్నాను. నున్నటి కాగితం, ఈగ వాలితే జారిపడేది. పన్నెండు నెలలకీ పన్నెండు ఇళ్ల ఫొటోలు. మొదటి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది: న్యూజెర్సీ రాష్ట్రంలో, తెల్లవాళ్లు సముద్రం దాటొచ్చి వలస ఊళ్లు కట్టుకున్న కాలం నుంచి ఇప్పటిదాకా మిగిలిన అన్నిటికన్నా పాత ఇళ్లు అని. నేను చదివాను. ఇంగ్లీషు మాస్టర్ని కదా, చదవకుండా ఎలా ఉంటాను.

ఆదివారం భోజనానికి మావయ్య ఇంటికి వెళ్తూ ఆ క్యాలెండరు చంకలో పెట్టుకెళ్లాను. మావయ్య లాక్కుని తిరగేశాడు.

"ఏంట్రా ఇవి?"

"అమెరికాలో ఇళ్లు మావయ్యా."

జనవరిలో దుంగలు అడ్డంగా పేర్చిన ఇల్లుంది. "ఇది టింబర్ డిపో" అన్నాడు. జూన్‌లో ఇటుకల్లోనే రంగు మార్చి గోడ నిండా ముగ్గులా మెలికలు తిప్పిన ఇల్లుంది. "దీన్ని ప్రహరీగోడకి వాడదాం" అన్నాడు. మళ్లీ వెనక్కి తిప్పి మార్చి దగ్గర ఆగిపోయాడు. నిటారైన కప్పు, బండరాతి గోడలు, నడుముకి అడ్డంగా కోసి రెండు ముక్కలు చేసిన వీధి తలుపు, కప్పు మీద ఎద్దు మూపురమంత పొగగొట్టం.

"ఇవి కొత్తగా వచ్చినవేనా?" అని అడిగాడు మావయ్య.

నేను నోరు తెరిచేలోపల అత్తయ్య పులుసుగిన్నె పట్టుకుని వచ్చి ఫొటో మీదికి వంగింది. "ఆ ఇంటి నెత్తిన ఉన్నదేంటబ్బాయ్?"

"పొగగొట్టం అత్తయ్యా. సరిగ్గా దాని కిందే పొయ్యి ఉంటుంది. పొగంతా పైకి పోతుంది."

"ఇంట్లోకి రాదా?"

"పిసరు కూడా రాదు."

అత్తయ్య ఫొటో వంక చాలాసేపు చూసింది. చేతిలో గిన్నె కాలుతోందన్న సంగతి కూడా మర్చిపోయింది. పులుసు చల్లారి మీగడ కట్టేంతసేపు చూసిందని చెప్పినా నేను పెద్దగా అబద్ధం ఆడినట్టు కాదు.

"కొత్తవేనా అని అడుగుతున్నాను" అన్నాడు మావయ్య.

నా జీవితంలో చెప్పిన అబద్ధాలన్నిటిలో రాజులాంటి అబద్ధం అప్పుడే చెప్పాను. "సరికొత్తవి మావయ్యా. ఈ మోడల్ ఇంకా బొంబాయిక్కూడా రాలేదు."

మర్నాడే మేస్త్రిని పిలిపించారు. మేస్త్రి క్యాలెండరుని అటు తిప్పి, ఇటు తిప్పి, ఒకసారి తలకిందులు చేసి చూసి, "నడికప్పు మీద ఇంత బరువు పెడితే వాస్తు ఒప్పుకోదండీ. గొట్టం ఆగ్నేయం మూలకి జరుపుదాం. పొయ్యి ఎలాగూ అక్కడే కదండీ" అన్నాడు. అమెరికాలో నడింట్లో నిలబడ్డ గొట్టం ఆ విధంగా మా ఊళ్లో వంటింట్లోకి వచ్చిపడింది. ఆ పూట అత్తయ్య నా అన్నంలో పోసిన నెయ్యికి కాలవలా గట్టు కట్టుకోవలసి వచ్చింది.

ఇంటి పని మొదలైంది. బండరాయి దొరక్క ఇటుక గోడకి సిమెంటు పూసి, దాని మీద రాళ్లలా గీతలు గీశారు. నిటారు కప్పు కోసం స్లాబుని వాలుగా పోస్తుంటే ఊరు ఊరంతా వచ్చి, కాంక్రీటు జారి కింద పడుతుందేమోనని కాసుక్కూర్చుంది. వీధి తలుపుని మావయ్య గోడలు లేవకముందే బిగించేశాడు. గిలకలదిండి నుంచి చేపలు తెచ్చే ఆవిడ కింది రెక్క మీద గంప ఆనించి, పై రెక్కలోంచి తల పెట్టి బేరమాడడం మొదలెట్టింది. నిజానికి అప్పటికింకా చుట్టూ గోడ లేదు, ఎటునుంచైనా రావచ్చు. అయినా తలుపు దగ్గరికే వచ్చేది.

గొట్టం ఒక్కటే మేస్త్రికి మింగుడుపడలేదు. అంతవరకూ అతనికి తెలిసిన గొట్టం ఇటుకబట్టీది. సైకిలేసుకుని డెల్టాలో ఉన్న బట్టీలన్నీ తిరిగొచ్చాడు. గొట్టం మెడదాకా లేచింది.

అప్పుడొచ్చారు బందరు మాస్టారు.

ఆయన అత్తయ్య అక్కగారి భర్త, మావయ్యకి తోడల్లుడు. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ముద్రించిన కాగితం కనబడితే చదవకుండా దాటి వెళ్లలేరు. టానిక్కు సీసా మీద రాసింది మొత్తం చదివి, అర్థాలు చెప్పి, అప్పుడు తాగేవారు. ఇల్లు చూడ్డానికని వచ్చిన మనిషి ఇంటిని వదిలేసి, మేకుకి వేలాడుతున్న క్యాలెండరు దగ్గరికి నడిచారు.

"మాస్టారూ, ముంజలు తింటారా?" అన్నాను.

"తింటాను. ఉండు" అంటూ కళ్లజోడు పెట్టుకున్నారు.

"లేతవండీ. ఇప్పుడే కొట్టించారు. నీళ్లు కారిపోతాయి."

"కారనీ" అని మొదటి పేజీ తిప్పి, ఒక్కో మాటా చప్పరిస్తూ చదివి, మార్చి కిందది కూడా చదివి, మావయ్య వైపు తిరిగారు. "తమ్ముడూ, ఇది కొత్త మోడలని ఎవరన్నారు?"

"ఏం అన్నయ్యగారూ?"

"ఆ రాష్ట్రంలో ఇవన్నీ పాతవాటిల్లోకెల్లా పాతవయ్యా. నువ్వు కడుతున్నది డచ్చివాళ్ల ఇల్లు. మూడొందల ఏళ్ల నాటిది."

ఇసక జల్లించే కూలీ కూడా జల్లెడ ఆపాడు. మావయ్య తల నెమ్మదిగా నా వైపు తిరిగింది. అది తిరగడానికి పట్టిన టైములో నేను గుడివాడ పారిపోయి, ఒక ఆట సినిమా చూసి తిరిగి రావచ్చు.

మావయ్య మేస్త్రితో అన్నాడు. "పని ఆపు. ఆ గొట్టం పీకేసి పైన చదరంగా మూసెయ్. వంటకి పాక ఉండనే ఉంది."

కూలీలకి టీ తెచ్చిన అత్తయ్య అక్కడే నిలబడి ఉంది. పాకలోంచి అప్పుడే వచ్చింది, కళ్లు నీళ్లు కారుతున్నాయి. టీ కెటిల్ కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"బావగారూ, ఎన్నేళ్లన్నారు?"

"మూడొందలు దాటిందమ్మాయ్."

"ఇంకా నిలబడే ఉందా?"

"భేషుగ్గా. టిక్కెట్టు పెట్టి లోపల చూపిస్తారట, రాశారిక్కడ."

"మీ డాబా కట్టి ఎన్నేళ్లయింది?"

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. "తొమ్మిది."

"మొన్న వానకి మా అక్క బిందెలెన్ని పెట్టింది?"

వేరేవాళ్లయితే మాట మార్చేవాళ్లు. ఆయన బడిపంతులు, ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేరు. "ఏడు బిందెలు, ఒక గంగాళం" అన్నారు. అక్కడితో ఆగకుండా, "అసలు ఆ డచ్చివాళ్లే మన బందరూ వచ్చారు. ఇక్కడ కట్టినవి చాలామటుకు పడిపోయాయి. కోట దగ్గర వాళ్ల సమాధులున్నాయి, చూడొచ్చు. అక్కడేమో చలిదేశం కాబట్టి ముందు పొయ్యీ గొట్టం గట్టిగా కట్టుకుని, వాటి చుట్టూ ఇల్లు కట్టుకున్నారు. అవే నిలబడ్డాయి" అని పాఠం కూడా చెప్పారు.

"వాలు కప్పు మీద నీళ్లు నిలవవండీ" అన్నాడు మేస్త్రి. కట్టినదాన్ని కూల్చడం అతనికీ ఇష్టం లేదు. "మన ఉప్పుగాలికి నీళ్లు నిలిచాయంటే లోపల ఇనుము తినేస్తదండీ."

మావయ్య మీసం తడుముకున్నాడు. పీకమందామా, ఉంచుదామా అని ఆ మీసంలో రెండు పార్టీలు వాదించుకుంటున్నట్టు కనబడింది. చివరికి నా మీదికొచ్చాడు. "ఏరా, నీకు ముందే తెలుసా?"

"వాణ్ణేం అనకండి" అంది అత్తయ్య. "నాకూ తెలుసు."

ఈసారి నా తల ఆవిడ వైపు తిరిగింది.

"నీకెలా తెలుసే, ఇంగ్లీషు చదివావా?" అన్నాడు మావయ్య.

"ఆ ఫొటోలో గుమ్మం ముందు మెట్టు చూడండి. మధ్యలో గుంట పడింది. కొత్తింటి మెట్టు అలా అరుగుతుందా ఎక్కడైనా? ఎన్ని కాళ్లు తొక్కితే అరిగిందో అది. మొదటిరోజే చూశాను. కొత్తదంటే తప్ప మీరు కట్టరని ఊరుకున్నాను. గొట్టం ఒక్కటీ ఉంచండి. మిగతాది మీకెలా కావాలంటే అలా మార్చుకోండి."

మావయ్య క్యాలెండరు దగ్గరికెళ్లి, మెట్టు మీద వేలు పెట్టి రాసి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి అత్తయ్య కళ్లలోకి చూశాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన భోజనం చేసేటప్పుడు ఆవిడ ఎదురుగానే ఉంది కానీ, అంత పరీక్షగా చూడడం నేనెరగను.

"అయితే ఇది పాత మోడల్ కాదన్నయ్యగారూ" అన్నాడు. "గట్టి మోడల్." మేస్త్రి వైపు తిరిగి, "ఇంకో రెండడుగులు లేపు" అన్నాడు.

గృహప్రవేశం నాడు ఆగ్నేయం మూల పొయ్యి మీద పాలు పెట్టారు. అందరి కళ్లూ పాల మీద, అత్తయ్య కళ్లు గొట్టం మీద. కొబ్బరాకు అంటించగానే మొదటి పొగ పైకి వెళ్లకుండా వెనక్కి తిరిగి వంటింట్లోకే వచ్చింది. మంత్రాలు దగ్గుల్లో కలిసిపోయాయి. అత్తయ్య మొహం చూసి నేను తల తిప్పేసుకున్నాను. మేస్త్రి మాత్రం పట్టుపంచెల మధ్యలోంచి దూరి, ఎండు మట్ట ఒకటి రాజేసి గొట్టంలోకి పైకెత్తి పట్టుకున్నాడు. "చల్లగొట్టమండీ, కాస్త వేడెక్కాలి" అన్నాడు.

వేడెక్కింది. గదిలో పొగంతా ఎవరో పిలిచినట్టు వెనక్కి మళ్లి, వరసగా గొట్టంలోకి ఎక్కింది. పాలు పొంగాయి. ఎవరికీ దగ్గు రాలేదు.

ఇక బయట ఏమైందో చెప్పాలి. మా వైపు ఎండాకాలంలో ఇంటి కప్పు మీద పొగ కనబడిందంటే దానికి ఒకటే అర్థం. కాలవ అవతల ఎవరో "ఇల్లంటుకుంది" అని కేకేశారు. రెండు నిమిషాల్లో అరవైమంది, అరవై కాకపోతే ముప్ఫై, సరే కనీసం పన్నెండు మంది బకెట్లతో, బిందెలతో వీధి తలుపు మీద పడ్డారు. కింది రెక్క గడియ పడి ఉంది. ముందొచ్చినాయన పై రెక్కలోంచి బకెట్టు నీళ్లు లోపలికి విసిరాడు. సిల్కు పంచెలో వాకిట్లోకి వస్తున్న బందరు మాస్టారు తలంటు పోసుకున్నట్టయ్యారు.

"మంటెక్కడండీ?" అన్నారు వాళ్లు.

"పొయ్యిలో ఉంది" అంది అత్తయ్య వంటింట్లోంచి. "తెచ్చిన నీళ్లు పారబొయ్యకండి, కొత్త గోళెంలో పొయ్యండి. పోసి భోజనాలకి కూర్చోండి."

అందరూ కూర్చున్నారు. వడ్డించడానికి రమ్మంటే అత్తయ్య రాలేదు. పీట వేసుకుని పొయ్యి పక్కనే కూర్చుంది. పులిహోరకి తాలింపు పెట్టింది, ఎండుమిరపకాయలు వేసింది, ఆ ఘాటు కూడా పైకే పోయింది. కూర్చున్నచోటి నుంచి మెడ వంచి చూస్తే, పొగ పలచబడినప్పుడల్లా గొట్టం పైన ఆకాశం చిల్లుకాసంత కనబడుతోందట. మావయ్యని పిలిచి చూడమంది.

మావయ్య కొత్త ఉత్తరీయంతో సహా పొయ్యి మూలకి వంగి తల లోపల పెట్టాడు. "అవునే, కనబడుతోంది" అని లోపలి నుంచి గొంతు డప్పులా వినబడింది. తల బయటికి తీసేసరికి నుదుటి నుంచి మీసం దాకా మసి. ఆయనకి తెలియదు. కండువా సర్దుకుని, భోజనాల దగ్గరికి వెళ్లి, వరసవరసకీ వంగి, "మొహమాటపడకండి, అడిగి వేయించుకోండి" అంటూ తిరగడం మొదలెట్టాడు. విస్తళ్ల ముందు ఒక్కొక్కరూ తల దించుకుని భుజాలు కదుపుతున్నారు.

నేను చెబుదామని లేచాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీరా" అంది. "కాసేపు అలాగే తిరగనీ."