గెడ్జ్ పచ్చిక మీద మేజర్ టఫ్నెల్ ఫిరంగులు

విమానాలను కూల్చే విద్య ఆంబ్రోస్ టఫ్నెల్ మొదటి ప్రపంచ యుద్ధంలోనే నేర్చాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఫిరంగుల కోసం పైవాళ్లకు ఉత్తరాలు రాసి రాసి సగం జుట్టు పోగొట్టుకున్నాడు. తీరా 1940 వేసవిలో ఇంగ్లండులోని మా సాల్ట్‌హిత్ రేవుకి నాలుగు ఫిరంగులిచ్చి, మేజర్‌ని చేసి పంపారు. ఏం లాభం? సముద్రం కనిపించే గుట్ట ఊరికి ఒక్కటే. దాని నెత్తిన బౌల్స్ క్లబ్బు పచ్చిక. బంతులు దొర్లించడానికి రెండొందల ఏళ్లుగా దువ్వి పెంచిన గడ్డి అది. చీమ నడిచినా జాడ తెలిసేది.

మిలిటరీ కాగితం చూపించి ఒక్క పూటలో లాక్కోవచ్చు. కానీ టఫ్నెల్ పద్దెనిమిదేళ్లుగా ఆ క్లబ్బు సభ్యుడాయె. సభ్యుడన్నవాడు అడగాలి. టోపీ చంకలో పెట్టుకుని కార్యదర్శి గెడ్జ్ దగ్గరికి వెళ్లాడు. మందుల షాపు నడిపే గెడ్జ్, కమిటీ మీటింగులో పెట్టాలంటే మూడు వారాల ముందు నోటీసు ఇవ్వాలన్నాడు. టఫ్నెల్ ఇచ్చాడు. ఆ మూడు వారాలూ ఫిరంగులు గ్యాసు ఫ్యాక్టరీ వెనక పల్లంలో దాని పొగగొట్టాన్ని చూస్తూ కూర్చున్నాయి. ఈలోగా జర్మన్లు రెండుసార్లొచ్చి, రేవులో పదకొండు ఇళ్లు కూల్చి, తీరిగ్గా వెళ్లారు.

మీటింగులో ముందు టీ కప్పుల సంగతి, తర్వాత కంచె రంగు సంగతి గంటన్నర నడిచాయి. టఫ్నెల్ మెడ నరం తాడంత లావైంది. తీరా అతని వంతొస్తే, ప్రతిపాదనని బలపరిచేవాడు లేడు కాబట్టి సెప్టెంబరుకి వాయిదా అన్నాడు గెడ్జ్.

"సెప్టెంబరుకి ఊరుండొద్దూ?"

"ఉంటుందిలేవయ్యా. మధ్యలో పోటీలున్నాయి. నీ పేరు కూడా రాశాను."

టఫ్నెల్ కోటుకున్న క్లబ్బు బిళ్ల పీకి టీ సాసర్లో పడేశాడు.

"ఇక నేను సభ్యుణ్ణి కాను గెడ్జ్. అడగక్కర్లేదు. పొద్దున్నే వస్తున్నా."

వచ్చాడు. గెడ్జ్ గేటుకి అడ్డంగా నిలబడి, చక్రాల కింద చెక్కలైనా వేయించమని పట్టుబట్టాడు. టఫ్నెల్ తిట్టుకుంటూనే వేయించాడు, దానికో పూట దండగ. ఆ శుక్రవారం వచ్చిన మూడు విమానాల్లో ఒకటి సముద్రంలో పడింది, రెండు పారిపోయాయి. ఊరివాళ్ల నోళ్లలో అవి ముప్ఫై అయ్యాయి. రేవులో మరో ఇల్లు కూలలేదు.

యుద్ధమయ్యాక టఫ్నెల్ బ్రిగేడియరై, గుండె నిండా పతకాలతో వచ్చి, సభ్యత్వానికి మళ్లీ దరఖాస్తు పెట్టాడు. గడ్డి పూర్తిగా మొలిచాక చూద్దామంది కమిటీ. ప్రతి ఆదివారం కంచె అవతల నిలబడి, మొలిచిందిగా అని గొణిగేవాడు. గెడ్జ్ మోకాళ్ల మీద వంగి, కళ్లద్దాలు తుడుచుకుని చూసి, ఇంకా లేదనేవాడు.