చెమట పట్టని సీసా

కువైట్‌లో నేను పనిచేసిన ఇంట్లో నాకంటే పొగాకుకే మర్యాద ఎక్కువ. నా గదిలో ఫ్యాను తిరిగేది, పొగాకు గదిలో ఏసీ నడిచేది. ఇంటి యజమానురాలిని పనివాళ్ళం మామా అంటాం. ఆమె భర్త తండ్రిని నేను బాబా అనేదాన్ని. ఆ గది ఆయనది. బజారులో దొరికే హుక్కా పొగాకు ఆయన నోటికి ఆనేది కాదు. సగం ఆరిన ఆకు సంచుల్లో తెప్పించుకుని, గాజు సీసాల్లో నెలల తరబడి మాగబెట్టుకునేవాడు.

ఆ పని నాకు ఆయనే నేర్పాడు. పొద్దునా సాయంత్రం పావుగంట మూతలు తీసి వాసన చూడాలి. తడిగడ్డి కుళ్ళిన వాసన వస్తే మూత ఇంకో గంట తీసే ఉంచాలి, లేదంటే రెండు రోజుల్లో బూజు. ఆకు వేళ్ళ మధ్య గలగలమంటే నారింజ తొక్క ఒక పూట లోపల వేసి తీసేయాలి. ఏసీ మీట ఆయన గీసిన గీత దాటకూడదు. వేడెక్కితే ఆకు పాడవుతుంది, మరీ చల్లబడితే మాగడం ఆగిపోతుంది. ఆగస్టులో సముద్రపు గాలికి గోడలే చెమ్మగిల్లేవి, కిటికీ తెరిచానా, ఇల్లెగిరిపోయేలా కేకలు. నా ముక్కు మీద గురి కుదిరాక మాత్రం నన్ను బింతీ అని పిలిచాడు. నా కూతురా అని అర్థం. పరాయి దేశంలో ఆ ఒక్క మాటకే కరిగిపోయాను, పిచ్చిదాన్ని.

ఇరాక్ సైన్యం వచ్చిన వారానికి ఒక పొద్దున ఇంటిల్లిపాదీ కారెక్కారు. ఊళ్ళోనే సాల్మియాలో ఉండే అక్క ఇంటికి వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తామంది మామా. బాబా గుమ్మంలో ఆగి, "బింతీ, సీసాలు మరవకు. పెద్దది మాగిపోయింది, దాని మూత తీయకు" అన్నాడు.

సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు పక్కింటి డ్రైవరు తలుపు కొట్టాడు. రాయచోటి సాయిబు, నన్ను చెల్లెమ్మా అనేవాడు.

"మీ వోళ్ళు సౌదీకి పోయినారంట చెల్లెమ్మా. రేపు పొద్దన్నే మనోళ్ళుండే అబ్బాసియా నుంచి బస్సు పోతాంది, బస్రా మీంద జోర్డాన్‌కు. నీకూ ఒక సీటు పట్టినా. గుడ్డలు సర్దుకో."

"ఎవురో అట్ల చెప్తారులేన్నా. బాబా సీసాలన్నీ ఈడనే ఉండాయి. ఉమ్రా అని మక్కాకు పోయినా పెద్ద సీసా ఒళ్ళో పెట్టుకోని పోయే మనిషి, వాటిని ఇడిసిపెట్టి పోతాడా?"

"సీసాలు జూసి మనుషులను నమ్ముతాండావా?"

"నా పాస్‌పోర్టు గూడా ఆయన బీరువాలోనే ఉంది. వస్తాడులే."

బస్సు నేను లేకుండానే పోయింది, ఆ అన్న అందులోనే వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత కరెంటు పోయింది. మధ్యాహ్నానికి పొగాకు గది కుంపటిలా అయింది. సీసాలన్నిటికీ లోపలివైపు చెమట పట్టింది. కంగారుగా మూతలు తీసి పళ్ళెంతో విసురుతూ కూర్చున్నాను. పెద్ద సీసా ఒక్కటే పొడిగా ఉంది. ముందు సంతోషించాను, తర్వాత అనుమానమొచ్చింది. నిండా ఆకు ఉన్న సీసా ఆ ఉక్కలో చెమట పట్టకుండా ఎలా ఉంటుంది?

మూత తీసి చెయ్యి పెట్టాను. గాజుకు ఆనించి చుట్టూ ఒక్క వరుస ఆకు, పైన ఇంకో నాలుగాకులు. మధ్యలో అంతా ఉండలు చుట్టి కుక్కిన పాత అరబ్బీ పేపర్లు. తేమంతా అవే తాగేశాయి. అసలు ఆకంతా ఆయనతోపాటే కారెక్కి వెళ్ళిపోయింది.

ఈనె బయటికి కనిపించేలా పేర్చి ఉంది ఆకు. అలా పేర్చడం ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. మామా చేసుంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నన్ను కూతురా అన్న మనిషి తీరిగ్గా కూర్చుని, ఒక్కో ఆకూ పేర్చి నమ్మించి గొంతు కోశాడు. బీరువా తీసి చూస్తే పాస్‌పోర్టు లేదు. సీసాలన్నీ పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. పగలగొట్టలేదు. మూతలన్నీ బిగించాను, బూజు పడితే పడనీ అని ఆ చెమటతోనే వదిలేసి అబ్బాసియాకు నడిచాను.

పాస్‌పోర్టు లేనిదాన్నని బస్సుల కోసం కట్టిన ప్రతి వరుసలోనూ వెనక్కి నెట్టారు. ఒక బడిలో గచ్చు మీద నెలన్నర పడున్నాను. చివరికి పాస్‌పోర్టుకు బదులు మన ఎంబసీ వాళ్ళిచ్చిన, ఫొటో అంటించిన ఒక కాగితం చేతికొచ్చింది, దాంతోనే ఊరు చేరాను.

యుద్ధం అయిపోయాక ఆ డ్రైవరు అన్న మళ్ళీ కువైట్ వెళ్ళి, సెలవుకొచ్చినప్పుడు మా ఇంటికి ఒక కవరు తెచ్చాడు.

"మీ బాబా ఇచ్చినాడు చెల్లెమ్మా. సౌదీలో భద్రంగా దాచిపెట్టినాడంట. మళ్ళా పనికి రమ్మంటాండాడు."

కవర్లో నా పాస్‌పోర్టు. అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నేను మాగబెట్టిన ఆకు వాసన. అట్ట ఎండి చిట్లలేదు, కాగితాలు చెమ్మకు ఉబ్బలేదు. ఆకు సంచిలోనే పెట్టి, పూటపూటా గాలి చూపించి ఉంటాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

జవాబు కోసం అన్న చూస్తున్నాడు.

"పొగాకు పట్టింది, పాస్‌పోర్టు పట్టింది. ఆ కార్లో నేనొకదాన్నే పట్టకపోతినా అని అడుగన్నా" అన్నాను.