ఆదివారం చిలక

రేపు మా అమ్మాయికి పరీక్ష. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే హాల్ టికెట్ తీద్దామని ఇంట్లో ఉన్న ఇంక్‌జెట్ ప్రింటర్ ఆన్ చేశాను. కాసేపు మూలిగి, పసుపు రంగు అయిపోయిందని ఎర్ర లైటు వెలిగించింది. ఆ కాగితంలో ఉన్నదంతా నలుపేనని బతిమాలుకున్నాను. వినలేదు.

రంగంతా తాగించింది నేనే. వాడకపోతే లోపల ఇంకు గడ్డకడుతుందని, వారానికో కలర్ పేజీ అయినా తియ్యమని మెకానిక్ చెప్పాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం కాఫీ తాగి ఒక రామచిలక బొమ్మ ప్రింట్ తీస్తున్నాను. వాటి వెనక వైపు మా అమ్మాయి లెక్కలు చేసుకుంటుంది. పోయిన వారం పచ్చగా ఉండాల్సిన చిలక నీలంగా వచ్చినప్పుడే నాకు అనుమానం రావలసింది.

చివరికి ఇద్దరం స్కూటర్ మీద సీతమ్మధారలో అప్పలరాజు జిరాక్స్ షాపుకి వెళ్ళాం. ఫోన్లోంచి పంపానో లేదో, కాగితం చేతిలో పెట్టేశాడు.

"ఏటి బావా, ఇంట్లో ప్రింటరుందన్నావు గదా. పాడైపోనాదేటి?"

"లేదు, బానే ఉంది."

"మరి దాంతో ఏటి తీత్తన్నావ్?"

నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి అందుకుంది. "చిలకలు, అంకుల్."

తిరిగొస్తూ మళ్ళీ ఇంకు కొన్నాను. ఎల్లుండి ఆదివారం కదా. మీ ఇళ్ళలో ప్రింటర్లని బతికించుకోడానికి మీరు ఏ బొమ్మ తీస్తున్నారో కాస్త చెప్పండి. నాకు చిలకలు మొహం మొత్తాయి.