ఎడమ పక్కకు వచ్చిన బంతులు

మా వీధి చివర పార్కులో ఒక బేస్‌బాల్ మైదానం ఉంది. ఎండలు మొదలయ్యాయంటే చాలు, సాయంత్రాలు అక్కడి నుంచి బ్యాట్ చప్పుడు ఇంట్లోకి వస్తుంది. నేను లేచి కిటికీ మూసేస్తాను. ఉక్కపోసి చచ్చినా సరే, మూసేస్తాను. ఆ 'టక్' వినబడగానే నా చూపు మైదానంలో ఎడమ మూలకు పోతుంది. మా కిటికీలోంచి ఆ మూల కనబడనే కనబడదు, అయినా పోతుంది. అక్కడ మా ఆయన నిలబడి ఉంటారు, చేతికి గ్లవ్ తొడుక్కుని, తల కాస్త ఎడమకు తిప్పి.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ప్రార్థన చేసుకుని పడుకునే ఇల్లు మాది. నమ్మకం లేకపోతే మాత్రం ఏం లాభం? గుండె ఝల్లుమనడం మానదు కదా.

మేము అమెరికాలో ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చింది డెబ్భైల చివర. ఆయన కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజనీరు, నేను ప్రసూతి వార్డులో నర్సుని. ఒక అమెరికన్ చర్చివాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు తమ బేస్‌మెంట్ మనవాళ్ళకి ఇచ్చేవారు. కోస్తా జిల్లాల కుటుంబాలన్నీ అక్కడ చేరి తెలుగులో ఆరాధన చేసుకునేవాళ్ళం. ఆ అమెరికన్ చర్చికి మగవాళ్ళ బేస్‌బాల్ టీమ్ ఒకటి ఉండేది. వేసవిలో శనివారాలు చుట్టుపక్కల చర్చిల టీములతో ఆడేవారు. ఒక ఏడాది వాళ్ళ లెఫ్ట్ ఫీల్డర్, అంటే దూరాన ఎడమ మూల కాచేవాడు, వేరే ఊరు వెళ్ళిపోయాడు. కోచ్‌గా ఉన్న ముసలాయన మా బేస్‌మెంట్‌లోకి దిగి, "మీలో ఎవరైనా ఆడతారా?" అని అడిగాడు. మా పాస్టరు అయ్యగారు ఠక్కున మా ఆయన భుజం మీద చెయ్యేశారు. "ఇదిగో, గుంటూరులో కాలేజీ క్రికెట్ కెప్టెన్!" అన్నారు. కెప్టెనూ లేదు, నా బొందా లేదు. టీములో ఉండేవారు, అంతే. అయ్యగారు ప్రసంగంలో కూడా కొంచెం పెంచే చెబుతారు.

మొదటి రోజు బంతిని బలంగా కొట్టి, బ్యాట్ చేత్తో పట్టుకునే పరుగెత్తారు ఈ మహానుభావుడు. బేస్‌బాల్‌లో బ్యాట్ అక్కడే పడేసి పోవాలట. మైదానమంతా ఒకటే నవ్వు. గాలిలోంచి వచ్చిన బంతిని గ్లవ్ ఉన్న చెయ్యి వదిలేసి ఉత్త చేత్తో పట్టారు. అరచెయ్యి పూరీలా పొంగింది. ఇంటికొచ్చాక ఐసు పెడుతూ తిట్టాను. ఆయన మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నారు.

ఆ రోజే మాకొక అలవాటు మొదలైంది. తిరుగు ప్రయాణంలో కారు పార్కింగ్ లాట్ దాటగానే ఆయన అడిగేవారు: "ఏమోయ్ జడ్జిగారూ, తీర్పు?" నేను ఇంటిదాకా తీర్పు చెప్పేదాన్ని. బ్యాటింగ్‌కి ఒక తీర్పు, ఫీల్డింగ్‌కి ఒక తీర్పు. నాకు ఆట ఏం తెలుసని? పంతం పట్టి నేర్చుకున్నాను. మిగతా ఆడవాళ్ళు బంతి ఎటు పోతే అటు చూసేవారు. నేను బంతిని చూసేదాన్ని కాదు, ఆయన కాళ్ళు చూసేదాన్ని. దూరాన నిలబడే ఫీల్డర్ మంచివాడా కాదా అన్నది బంతి పట్టాడా లేదా అన్నదాంట్లో ఉండదు. బ్యాట్ చప్పుడయిన ఆ క్షణంలో కాలు కదిలిందా లేదా, అందులో ఉంటుంది. అది నేను సొంతంగా కనిపెట్టాననుకుని కోచ్‌తో చెబితే, ఆయన టోపీ తీసి, "మేడమ్, నా ఉద్యోగం మీరు తీసుకోండి" అన్నాడు.

మొదటి సీజన్ నా తీర్పులన్నీ తీపిగానే నడిచాయి. రెండో సీజన్ సగం దాటాక చేదు మొదలైంది.

బ్యాటింగ్‌కి వంక లేదు. టీమ్ మొత్తంలో ఈయన కొట్టినంత శుభ్రంగా ఇంకెవరూ కొట్టేవారు కాదు. కింద పడబోయే బంతిని కూడా మణికట్టు తిప్పి లేపేవారు. తంటా అంతా ఫీల్డింగ్‌తోనే. అందులోనూ ఒక చిత్రం. కుడి పక్కకు, మైదానం అంచు గీత వైపు వచ్చే బంతులకు పులిలా దూకేవారు. ఎడమ పక్కకు, నడుమ నిలబడే సెంటర్ ఫీల్డర్‌కీ ఈయనకీ మధ్య ఖాళీలోకి వచ్చే బంతులకు మాత్రం ఆలస్యం. ఒక్కోసారి సెంటర్ ఫీల్డర్‌ని గుద్దుకోబోయేవారు. అతను హైస్కూల్లో పీఈ టీచరు, ఎద్దులాంటి మనిషి. ఇద్దరి మధ్యా బంతి వస్తే ఒకరు "ఐ గాట్ ఇట్!" అని అరవాలి, రెండోవాడు తప్పుకోవాలి. అది ఆట నియమం కన్నా ముందు ఒళ్ళు కాపాడుకునే నియమం.

మూడో సీజన్ మొదట్లోనే కోచ్ మా ఆయన్ని పక్కకు పిలిచాడు. ఫీల్డింగ్ బాగుపడకపోతే బెంచి మీద కూర్చోబెట్టక తప్పదన్నాడు. బ్యాటింగ్‌కి మాత్రమే మనిషిని పెట్టుకునే పద్ధతి వాళ్ళ లీగ్‌లో లేదు. తిరిగొచ్చి ఆ మాట నాకు చెబుతుంటే మా ఆయన ముఖం నేను చూడలేకపోయాను. ఆఫీసులో ఆయనతో బ్రేకుల గురించి తప్ప ఎవరూ ఏమీ మాట్లాడేవారు కాదు. మైదానంలో మాత్రం పేరు పెట్టి పిలిచి, వీపు మీద చరిచి, పక్కన కూర్చోబెట్టుకుని తినేవారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయన బతికింది శనివారం కోసం. ఆ స్థలం పోతే మనిషే పోతాడని నాకు భయం పట్టుకుంది.

మా బేస్‌మెంట్‌లో ఇక ఎవరికి తోచిన వైద్యం వాళ్ళది. "క్రికెట్ అలవాటండీ. అక్కడ బౌలర్ పరుగెత్తుతుంటే మనం ముందుకు నడుస్తాం, ఇక్కడ వెయిట్ చెయ్యాలి. ఆ టైమింగ్ సెట్ అవ్వట్లేదు" అన్నాడొకాయన. అయ్యగారిది ఇంకో సిద్ధాంతం. "క్రికెట్ కాదయ్యా, మర్యాద! మనవాళ్ళు తలుపు దగ్గర కూడా 'ముందు మీరు, ముందు మీరు' అంటూ నిలబడిపోతారు. అమెరికన్ అలా కాదు, నాది అంటాడు, తీసుకుంటాడు." అందరూ తలలూపారు. నేనూ ఊపాను. అంత సరిగ్గా అతికిన అబద్ధం నేను మళ్ళీ వినలేదు.

జూలైలో ఒక శనివారం జరిగింది అసలు సంగతి. బంతి ఆ ఖాళీలోకే లేచింది. సెంటర్ ఫీల్డర్ అరిచాడు. ఒకసారి కాదు, కుర్చీలో ఉన్న నాకు కూడా వినబడేలా పదే పదే అరిచాడు. మా ఆయన ఆగలేదు. ఇద్దరూ ఢీకొని పడ్డారు. టీచరు లేచి, దుమ్ము దులుపుకుని, "నేను పిలిచాను కదా!" అని మండిపడ్డాడు.

"నో, యూ డిడ్‌న్ట్" అన్నారు మా ఆయన.

బిత్తరపోయాను. ఈ మనిషి ఆట కోసం అబద్ధమాడతారా? నా పెళ్ళయ్యాక ఆయన నోట అబద్ధం వినలేదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

ఆయన చీలమండ వాచిపోయింది, బ్రేకు మీద పాదం పెట్టలేరు. అందుకని ఆ రోజు నేను డ్రైవ్ చేశాను. ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. తీర్పు అడిగేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? పార్కింగ్ లాట్‌లోనే మొదలుపెట్టాను. "అంతమంది ముందు అతన్ని అబద్ధాలకోరుని చేస్తారా? అతను గొంతు చించుకుని అరిచాడు, నేను విన్నాను. ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా మీతో!" ఉలుకూ లేదు, పలుకూ లేదు. కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నారు. అలిగారనుకున్నాను. అలిగితే అలగనీ, నాకు మాత్రం కోపం రాదా? రెడ్ లైట్ దగ్గర ఆగి, "మీ అక్కగారికి ఫోన్ చేసి చెబుతానుండండి మీ సంగతి" అని కూడా అన్నాను. అప్పుడు ఆయన మెల్లగా నా వైపు తిరిగారు. ముఖం మీద కోపం లేదు. కొంచెం నీరసం, కొంచెం బతిమాలడం.

"ఏమోయ్, ఇవాళ తీర్పు లేదా?"

గ్రీన్ లైట్ పడింది. వెనక కార్లు హారన్ కొడుతున్నాయి. నా కాలు బ్రేకు మీద నుంచి లేవలేదు.

ఎలాగో పక్కనున్న పెట్రోలు బంకులో కారు ఆపాను. ఆయన కుడి చెవిని నా అరచేత్తో గట్టిగా మూసి, ఎడమ చెవి దగ్గర ఆయన పేరు పిలిచాను. పెళ్ళయ్యాక నేనెప్పుడూ ఆయన్ని పేరు పెట్టి పిలిచినదాన్ని కాదు. ఆయన నవ్వుతూ, "ఏంటిది, ఏం చేస్తున్నావ్?" అన్నారు. యేసయ్యా, ఆ నవ్వు!

కొంచెం వినికిడి తగ్గిందని ఆయనకి తెలుసట. ఫ్యాక్టరీ రొద వల్ల అనుకున్నారట. ఒక పక్క చెవి పూర్తిగా పోయిందని ఆయనకే తెలియదు. ఇన్నాళ్ళూ నాకెలా తెలియలేదని తర్వాత అందరూ అడిగారు. ఎలా తెలుస్తుంది? ఈ దేశంలో కారు నడిపేవాడు ఎడమ పక్క కూర్చుంటాడు, కుడి చెవి పెళ్ళానికి వదిలేస్తాడు. నేను చెప్పిన ప్రతి తీర్పూ ఆయన మంచి చెవిలోనే పడింది. అదే గుంటూరులో అయితే స్టీరింగ్ కుడి పక్కన, నేను ఎడమ పక్కన. మొదటి వారమే పట్టుబడిపోయేది. చర్చిలో చూద్దామంటే మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ఇక ఇంట్లో, నా గొంతు సంగతి మా వీధి వీధికంతా తెలుసు. మైదానంలో మాత్రం, బ్యాట్ వైపు ముఖం పెట్టి నిలబడే లెఫ్ట్ ఫీల్డర్‌కి సెంటర్ ఫీల్డర్ ఎడమ పక్కనే ఉంటాడు. క్రికెట్టూ కాదు, మర్యాదా కాదు. పిలుపు చేరలేదు, అంతే.

డాక్టరు స్కాన్ తీయించాడు. చెవి నుంచి మెదడుకు పోయే నరం మీద గడ్డ. చాలా పెరిగింది, తీయకపోతే ప్రాణానికే ముప్పు, తీసినా పూచీ లేదు అన్నాడు. ఎప్పటి నుంచి ఉందని అడిగితే మా ఆయన తెల్లముఖం వేశారు. నేనే చెప్పాను. కిందటేడు వేసవి సగం దాకా ఎడమ బంతులకు కాలు వెంటనే కదిలేది. సీజన్ ముగిసే వేళకి ఒక అడుగు ఆలస్యమైంది. ఈ ఏడాది మొదటి ఆట నుంచి రెండడుగులు. డాక్టరు రాసుకోవడం ఆపి నా వైపు చూశాడు. అంత జాగ్రత్తగా చూసిన కళ్ళు, చూసి ఏం లాభం?

సంగతి చెప్పడానికి కోచ్ దగ్గరికి వెళ్ళాను. అంతా విని చాలా మామూలుగా, "అయితే రైట్ ఫీల్డ్‌లో పెడతాను" అన్నాడు. రైట్ ఫీల్డ్‌లో నిలబడితే సెంటర్ ఫీల్డర్ కుడి పక్కకి వస్తాడు. అంతే. అంత చిన్న సర్దుబాటు!

చీలమండ తగ్గాక, ఆపరేషన్‌కి ముందు శనివారం సీజన్‌లో ఆఖరి ఆట. డాక్టరు అయిష్టంగానే ఒప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నం బంతి మళ్ళీ ఆ ఇద్దరి మధ్యకే లేచింది. 'టక్' అనగానే మా ఆయన కాలు కదిలింది. "ఐ గాట్ ఇట్!" అని అరిచింది ఈసారి ఈయన. టీచరు తప్పుకుని చేతులు చాచి నిలబడ్డాడు. బంతి వచ్చి గ్లవ్‌లో కూర్చుంది. టీచరు ఆయన్ని అమాంతం ఎత్తేశాడు. నేను ఏడ్చాను, దాచుకోవడమెందుకు, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను.

తిరుగు ప్రయాణంలో ఆయనే డ్రైవ్ చేశారు. "ఏమోయ్ జడ్జిగారూ, తీర్పు?"

"ఇప్పుడు కాదు. ఆపరేషన్ అయి కళ్ళు తెరిచాక చెబుతాను."

"ఓహో, వాయిదానా!" అని పగలబడి నవ్వారు. ఏదో ఒకటి మిగిల్చి ఉంచితే దానికోసమైనా మనిషి లేచి వస్తాడని నా ఆశ.

ఆపరేషన్ పొద్దున మొదలై సాయంత్రానికి ముగిసింది. లోపల రక్తం ఆగలేదని చెప్పిన డాక్టరు నా కళ్ళలోకి చూడలేదు. నర్సుని కదా, మిగతాది ఆయన చెప్పనక్కర్లేదు. లోపలికి వెళ్ళాను. ఇంకా ఊపిరి ఉంది, స్పృహ లేదు. ఎడమ పక్క కోశారు కాబట్టి, ఆయన్ని కుడి పక్కకు తిప్పి పడుకోబెట్టారు. ఎడమ చెవి మీద లావు కట్టు. తల ఏమాత్రం కదపకూడదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ కట్టుకే నోరు ఆనించి తీర్పు మొత్తం చెప్పాను. బ్యాటింగ్‌కి వంక లేదండీ. ఫీల్డింగ్‌కీ వంక లేదు, ఏనాడూ లేదు. రైట్ ఫీల్డ్ మీదే. లేవండి, ఇంటికి పోదాం. వినే చెవి దిండులో ఉంది.