ఏసీలో ఎండిన వడ్లు

ఆ రోజుల్లో నాకు లోకం రెండే రెండు రంగుల్లో కనిపించేది. పల్లె ఆకుపచ్చ, పట్నం నీలం. హైదరాబాదులో ఎంబీఏ చదివేటప్పుడు మన రాష్ట్రంలో పల్లె ఆదాయానికీ పట్నం ఆదాయానికీ ఉన్న తేడాల మీద ఒక ప్రాజెక్టు చేశాను. ప్రతి స్లైడులోనూ ఒక పక్క ఆకుపచ్చ గడి, ఇంకో పక్క నీలం గడి. ఆకుపచ్చ గడిలో పొలాలు, కాలువలు, మబ్బులు. నీలం గడిలో షాపులు, ఆఫీసులు, ఏసీలు. మధ్యలో తెల్లటి గీత. మా సారు "వెరీ క్లియర్" అన్నారు. (ఆయన ఆ స్లైడ్లు చూస్తూ ఫోన్లో క్రికెట్ స్కోరు కూడా చూసుకున్నారని నా స్నేహితురాలు చెబితే, దాని అసూయ అనుకుని ఊరుకున్నాను.) ఆ తెల్లగీత దాటి ఒక్క వడ్లగింజ కూడా ఇటు రాదన్న నమ్మకంతో, చదువు పూర్తయ్యాక మా సూర్యాపేటలో బస్సెక్కి మిర్యాలగూడలో ఉద్యోగానికి దిగాను.

ఉద్యోగమంటే మా మేనమామ ఫంక్షన్ హాలుకు మేనేజరు. మామది నిడమనూరు. సాగర్ కాలువ కింద వరి పండించే మనిషి. అందరూ ఏదో ఒక వ్యాపారం పెడుతున్నారని ఆయన కూడా మిర్యాలగూడ అవతల రోడ్డు పక్కన ఏసీ ఫంక్షన్ హాలు కట్టించాడు. కట్టించాడే గానీ ఆ హాల్లో అడుగుపెట్టినప్పుడల్లా పరాయి ఇంటికొచ్చిన వాడిలా తువ్వాలు సర్దుకుని గోడవారన నిలబడేవాడు. నేను మాత్రం వచ్చిన రోజే రాజ్యం స్వాధీనం చేసుకున్నాను. గోడలకు నీలం రంగు వేయించాను. (ఎందుకో మీకు తెలుసు.) ప్రతి మూలా సెంటు కొట్టించాను. గుమ్మం దగ్గర "బురద కాళ్లతో లోపలికి రావద్దు" అని ఒక చెక్కబోర్డు నిలబెట్టాను. నేను హీల్స్ వేసుకుని ఆ గ్రానైటు మీద టకటకా నడుస్తుంటే, ఆ చప్పుడు వినడానికైనా జనం వచ్చి పెళ్లిళ్లు చేసుకుంటారని నాకు గట్టి నమ్మకం.

జనం రాలేదు. ఒక ఓణీల ఫంక్షనూ, ఒక పుట్టినరోజూ, పురుగుమందుల కంపెనీ వాళ్లు రైతులకు బిర్యానీ పెట్టిన మీటింగూ తప్ప ఆ హాలు చూసిన వైభవం ఏమీ లేదు. చివరికి ఒకరోజు మామ నెమ్మదిగా అన్నాడు. "బిడ్డా, ఈ ఎండకాలం లగ్గాలు దాటేదాకా సూస్త. ఒక్క పెండ్లన్న బుక్కయితె సరే. గాకుంటె మిల్లోళ్లు గోదాంకు అడుగుతున్నరు, ఇచ్చేస్త. నువ్వు ఫికర్ జెయ్యకు, నీకు వేరే నౌకరి సూద్దాం." నా ఏసీ హాల్లో బియ్యం బస్తాలు! నీలం గోడల మీద తవుడు దుమ్ము! నాకు ఆ రోజు అన్నం సహించలేదు.

సరిగ్గా అప్పుడే కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. పెళ్లికూతురి తండ్రి. అక్కడ ఎలక్ట్రికల్ షాపు ఉందట. పెళ్లికొడుకు వాళ్లది సికింద్రాబాదు, రైలు దిగగానే హాలు ఉండాలని వాళ్ల కోరిక. కోదాడకు రైలు లేదు, మిర్యాలగూడకు ఉంది. "ఏసీ మాత్రం గట్టిగా ఉండాలండీ. పోయినసారి మా చుట్టాల పెళ్లిలో ఏసీ పనిచెయ్యక మగపెళ్లివాళ్లు అలిగి కూర్చున్నారు. ఆదివారం మా అమ్మను తీసుకొచ్చి హాలు చూస్తాం. ఆవిడ సరేనంటే సరే," అన్నాడు. నేను ఆదివారం కోసం గ్రానైటును అద్దంలా తుడిపించాను.

శుక్రవారం సాయంత్రం వాన మొదలైంది. యాసంగి (అదే, రబీ) కోతల మీద కురిసే ఈ చెడగొట్టు వాన సంగతి కాలువ కింద ఊళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం అది కిటికీలోంచి చూడముచ్చటగా ఉంది. కాఫీ పెట్టుకుని ఫోటో కూడా తీశాను. శనివారం పొద్దున్నే ట్రాక్టర్ల చప్పుడు వినిపించి బయటికి వస్తే, పూలదండలతో అలంకరించాల్సిన మా హాలు కమాను కింద వడ్ల ట్రాలీలు వరుసగా నిలబడి ఉన్నాయి. ముందు ట్రాక్టరు మీద మామ, తడిసి ముద్దయి. వెనక ట్రాలీలో తట్టలు, టార్పాలిన్ పట్టాలు పట్టుకుని అత్తమ్మా, ఇంకా ఊరివాళ్లూ.

"కొనుగోలు సెంటర్ల పోసిన కుప్ప మొత్తం అడుగు నుంచి తడిసింది బిడ్డా. ఆరబోద్దామంటె రోడ్డు గూడ తడే. రేపటికల్ల మొలకలొస్తయి. మొలకొస్తె ఇగ ఎవడు గొంటడు?" అన్నాడు మామ.

నేను హీల్స్ మీద నిలబడి (ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి) "మామా, రేపు పార్టీ వస్తున్నరు. గ్రానైటు ఖరాబైతది. ఇది ఫంక్షన్ హాల్ మామా," అన్నాను.

మామ నా బోర్డు వంక చూశాడు, తన కాళ్ల వంక చూసుకున్నాడు. అత్తమ్మ మాత్రం ట్రాలీ దిగి, చెప్పులు విడిచి, వాన నీళ్ల ధార కింద కాళ్లు శుభ్రంగా కడుక్కుని, నా ముందుకొచ్చి నిలబడింది. "సూడు పిల్లా, కాళ్లకు బురద లేదు. ఇప్పుడు రావొచ్చునా?" అంది. నేను పక్కకు జరిగాను. జరగక ఏం చేస్తాను? ఆ హాలు ఇటుకలన్నీ అలాంటి కుప్పల్లోంచే వచ్చాయని అప్పటికి నాకు తెలుసు. నా స్లైడ్లకే తెలియదు.

హాలంతా పట్టాలు పరిచి స్టేజీ నుంచి గుమ్మం దాకా వడ్లు పోశారు. తలుపులన్నీ బార్లా తెరిచి ఫ్యాన్లు వేశారు. మధ్యాహ్నం దాకా అందరూ వరుసగా, పాదాలు నేలకు రాస్తూ, వడ్లలో సాళ్లు తీస్తూ అటూ ఇటూ నడుస్తూనే ఉన్నారు. కళ్లంలో ఆరబోసిన వడ్లను అలాగే తిరగేస్తారు. అయినా తడి తగ్గదే. బయటి వానగాలి తలుపుల్లోంచి దర్జాగా లోపలికొస్తోంది. మామ ఒక పిడికెడు గింజలు నలిపి చూసి స్టేజీ మెట్టు మీద కూలబడ్డాడు. ఆయనను అంత దిగులుగా నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు నాకు హాస్టల్ గుర్తొచ్చింది. వానాకాలంలో ఎంతకీ ఆరని జీన్స్ ప్యాంట్లను మేం ఏసీ ఉన్న గదిలోకి దొంగతనంగా తీసుకెళ్లి, తలుపులు మూసి ఆరేసుకునేవాళ్లం. తెల్లారేసరికి అప్పడాల్లా ఉండేవి. ఎంబీఏలో నేను నిజంగా నేర్చుకున్న విద్య అదొక్కటేనేమో.

"మామా, తలుపులు మూసెయ్యండి. ఏసీ వేస్త," అన్నాను.

"వడ్లకు ఏసీయా?" అన్నాడు మామ. ఆ దిగులులోనూ ఆయనకు నవ్వొచ్చింది. "పొలంల మోటరుకు కరెంటు ఫ్రీ. అవే వడ్లు పట్నమొస్తె మీటరు తిరుగుతది. గిదేం లెక్క బిడ్డా?"

తలుపులు మూసి, ఉన్న ఏసీలన్నీ వేశాను. హీల్స్ విప్పి స్టేజీ మీద పెట్టి, నేనూ వరుసలోకి దిగాను. పాదాల కింద పచ్చి వడ్లు చల్లగా, గరుకుగా జారుతుంటే బాగానే ఉంది. మోకాళ్ల దాకా పాకిన నూగు దురద మాత్రం బాగాలేదు. అత్తమ్మ శాలువా కప్పుకుని ఏసీలో వడ్లు తిరగేస్తూ "నా జన్మల వడ్లకు సలి బెట్టుడు ఇదే సూసుడు," అంటే హాలంతా నవ్వింది. పెళ్లికొడుకు సింహాసనం మీద తట్టలు, పెళ్లికూతురి సింహాసనం మీద టిఫిన్ డబ్బాలు. హాలు కట్టాక అందులో అంత సందడి అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున కోదాడ వాళ్లకు ఫోన్ చేసి, వచ్చేవారం రమ్మని అడగబోయాను. "హుజూర్‌నగర్ దాటేశామండీ," అన్నాడు తండ్రి హుషారుగా. వడ్లు దాదాపు ఆరాయి గానీ ఎత్తడానికి టైం లేదు. బయట తుంపర పడుతూనే ఉంది. కారు దిగిన వాళ్లను హాలు వైపు రానీయకుండా డైనింగు హాలు చూపించాను, వంటశాల చూపించాను, పార్కింగు చూపించాను, జనరేటరు కూడా చూపించాను. తండ్రి అన్నిటికీ తలూపాడు. పెళ్లికూతురు అన్నిటికీ ఫోటోలు తీసుకుంది. ఆమె నాయనమ్మ మాత్రం చేతికర్ర ఊతంగా నిలబడి, "అసలు హాలెక్కడమ్మా?" అంది.

"లోపల పెస్ట్ కంట్రోల్ నడుస్తోందండీ," అన్నాను. అబద్ధం ఆడటం కూడా ఎంబీఏలో నేర్పి ఉంటే బాగుండేది.

పెద్దావిడ ముక్కు ఎగబీల్చింది. "పెస్ట్ కంట్రోల్ అయితే వడ్ల వాసన వస్తందేంటి?" అని కర్రతో తలుపు తోసింది.

లోపల మబ్బు చల్లదనం. నీలం గోడల మధ్య గోడ నుంచి గోడకు బంగారు రంగులో వడ్లు. అత్తమ్మ నా బోర్డును పీకి, దాన్నే పలకగా చేసుకుని వడ్లు నెడుతోంది. మామ అలసిపోయి పెళ్లికొడుకు సింహాసనంలో తువ్వాలు కప్పుకుని గురకపెడుతున్నాడు. తండ్రి నోరు తెరిచాడు. పెళ్లికూతురు ఫోటో తీసింది. నా కళ్ల ముందు హాలు గోదాముగా మారిపోయింది.

మామ ఉలిక్కిపడి లేచి, గబగబా వచ్చి చేతులు జోడించాడు. "పిల్లది తప్పులేదమ్మా. వద్దనే అన్నది. వడ్లు నాయి, తడిసినయి, నేనే దెచ్చి పోసిన. మధ్యాహ్నంకల్ల ఎత్తేస్త, అద్దం లెక్క కడిగిస్త. మీరు పిల్లను జూసి హాలు దీసుకోండ్రి, నన్ను జూసి వద్దనకండ్రి." తన పంట నిలుస్తుందో లేదో తెలియని మనిషి నా పెళ్లి బుకింగ్ కోసం బతిమాలుతున్నాడు.

పెద్దావిడ చెప్పులు విడిచి, పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, వడ్లలోకి దిగింది. పాదాలు రాస్తూ స్టేజీ దాకా నడిచింది. వంగి ఒక గింజ తీసుకుని పళ్ల మధ్య పెట్టింది. టక్కుమంది. ఇంకొంచెం దూరం నడిచి ఇంకో గింజ కొరికింది. అదీ టక్కుమంది. "ఎప్పుడు తడిసినయ్యి?" అంది.

"మొన్న రాత్రమ్మా."

"ఎండ ఎక్కడ దొరికింది?"

"ఎండేదమ్మా. ఏసీలనే," అన్నాడు మామ సిగ్గుపడుతూ.

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఏసీ ఎట్టా ఉందో అడగమన్నావుగా. ఇంకేం అడగాలిరా? తడిసిన వడ్లను ఇంత బాగా ఆరబెట్టిన ఏసీ నీ వియ్యంకుణ్ని చల్లబరచదా?"

కొడుకు ఇంకా "కానీ అమ్మా" అంటూనే ఉన్నాడు. ఆవిడ అప్పటికే హాలు చుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో చోట ఆగడం, గింజ కొరకడం, ముందుకు సాగడం. కుడివైపు చివరి మూలకు వెళ్లి కొరికితే టక్కుమనలేదు. ఇంకోటి కొరికింది. అదీ మెత్తగానే ఉంది. "ఇక్కడ గాలి తగలడం లేదు," అంది గంభీరంగా. నేను భయంగా బాగుచేయిస్తానని చెప్పబోయాను. "వద్దులే అమ్మా, ఉండనీ. మా మరిది వాళ్లను ఇక్కడ కూర్చోబెడదాం. ప్రతి పెళ్లిలోనూ చివరిదాకా కూర్చుని వంకలు పెడతారు," అంది. తర్వాత మనవరాలిని కూడా చెప్పులు విప్పి రమ్మంది. ఆ అమ్మాయి జీన్సు మడిచి దిగింది. మామ ఊరివాళ్ల వరుసలో కోదాడ వాళ్లు కూడా కలిసి ఆ తడి మూలను మధ్యాహ్నం దాకా తిరగేశారు. నా హాల్లో మొదటి పెళ్లి అలా ఖాయమైంది.

సోమవారం ఎండ కాసింది. వడ్లు సెంటరుకు పోయాయి, తేమ మిషను కూడా ఏ పేచీ పెట్టలేదు. కబురు చెప్పడానికి మామ హాలుకు వచ్చినప్పుడు మొదటిసారి గోడవారన కాకుండా నడిమధ్యకు వచ్చి నిలబడ్డాడు. గోదాం మాట మళ్లీ ఎత్తలేదు. పెళ్లినాడు ఆ పెద్దావిడ మరిది కుడివైపు చివరి మూలలో విస్తరాకుతో విసురుకుంటూ కూర్చుంటే, ఆవిడ దూరం నుంచి నాకేసి చూసి కన్ను గీటింది. బాసికాలు కట్టేవేళ సింహాసనం దిండు కిందనుంచి నాలుగు వడ్లగింజలు రాలితే పురోహితుడు శుభమన్నాడు. నేను అవునన్నాను.

ఇప్పుడు ఆ హాలుకు మూడు జిల్లాల పెళ్లిళ్లు వస్తాయి. గోడలకు మళ్లీ రంగు వేయించినప్పుడు నీలం వద్దన్నాను. ఆకుపచ్చా వద్దన్నాను. చివరికి ఏదో గోధుమరంగు వేశారు, అది బాగానే ఉంది. బోర్డు మాత్రం అత్తమ్మ నిడమనూరుకు పట్టుకుపోయింది. వడ్లు నెట్టడానికి అంత మంచి పలక ఆవిడకు ఎక్కడా దొరకలేదట.

మొన్న యాసంగిలో కోతలు జోరుగా సాగుతుండగా పడమట మబ్బు పట్టింది. మామ ఫోన్ చేశాడు. "బిడ్డా, హాలు..." అన్నాడు, మొహమాటంగా ఆగిపోయాడు. "ఖాళీగనే పెట్టిన మామా. ఈ వారం లగ్గాలు దీసుకోలే. పట్టాలు దెచ్చుకోండ్రి, ఏసీ ఏశి పెడ్త," అన్నాను. ఫోన్ పెట్టేసి తలుపులు తీయడానికి వెళుతుంటే, హీల్స్ వేసుకుని ఇదే గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడ్డ ఆ రెండు రంగుల పిల్ల గుర్తొచ్చింది. పాపం, మంచిదే. తెల్లగీత ఎక్కడుందో వెతుక్కునేది, అంతే. నేను నవ్వుకుంటూ చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాను.