రాణి పేరున ఎత్తిన తూము

"తూము కట్టేసినావా?" అన్నాడు మా ఆయన.

"కట్టేసినా. ఇంక పండుకోండి."

మా ఇద్దరి ఆఖరి మాటలవి. తూమంటే అమెరికాలో, ప్లేనోలో మా కూతురి ఇంటి పెరట్లో కొళాయి. గోంగూర మడికి నీళ్లు పెట్టే ఆ కొళాయిని చివరిదాకా తూమనే అన్నాడు. తెల్లవారి ఆయన లేవలేదు.

నాకు అక్షరం సంతకం వరకే. నేను చెబుతుంటే మనవరాలు ల్యాప్‌టాప్‌లో కొడుతోంది. ఆదివారం తెలుగు బడిలో తను మా వైపు రాణి కథ చెప్పాలి. రాసుకున్నది నిన్న చదివి వినిపించింది. "పాపం, ఆ రాణిని రాజు వదిలేశాడు" అని ముగించింది. నాకు అన్నం సయించలేదు. పాపం అనిపించుకునే మనిషి కాదు ఆమె.

యుద్ధంలో ఓడిన రాజు సంధి కోసం గెలిచినవాడికి కూతురినిచ్చాడు. ఆ పిల్లని అడిగిందెవరు? గెలిచినవాడేమో శత్రువు కూతురని నమ్మక, దూరంగా మా కొండల్లోకి పంపేశాడు. అక్కడ ఆమె గోడకు చేరగిలబడి ఏడుస్తూ కూర్చోలేదు. రెండు కొండల నడుమ ఏటికి అడ్డంగా కట్ట వేయించి చెరువు నిలిపింది. మా వైపు ఇలాగే చెప్పుకుంటారు, పుస్తకాల్లో ఎలా ఉందో నేనెరుగను. ఇన్ని వందల ఏళ్లకీ మా వరి ఆ నీళ్లతోనే పండుతుంది. రాజు గెలిచిన కోటలు మా ఊళ్లో ఎవరికీ గుర్తు లేవు.

నన్నూ అలాగే ఇచ్చారు. నీళ్ల వంతు కోసం మా నాయన, మా మామ ఒకరి మీదొకరు కర్రలు పట్టుకున్నారు. పిల్లనిచ్చి రాజీ పడమన్నారు పెద్దమనుషులు. మా వైపు రాజీకి వచ్చిన కోడలు వంటింట్లో అడుగుపెట్టే ముందు చెరువు కట్ట మీదికి వెళ్లాలి. తూము రాయికి రాణి పేరున పసుపు రాయాలి. తూము కింద రెండు కాలవలు, పుట్టింటి మళ్లకొకటి, అత్తింటి మళ్లకొకటి. ఆమె ఏ కాలవకు అడ్డం వేసిన పలక ఎత్తితే ఆ ఇంటికి ఆ ఏడు ముందు వంతు.

రెండిళ్లవాళ్లూ చూస్తున్నారు. పుట్టింటికి నీళ్లు వదిలితే అత్తింట్లో నాకు బతుకు లేదు. అత్తింటికి వదిలితే మా నాయన తల దించుకోవాలి. అప్పటిదాకా నా మొహమైనా సరిగా చూడని మా ఆయన పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"రెండూ ఎత్తు. మాటొస్తే నేను పడతా" అన్నాడు, నాకు మాత్రమే వినపడేట్టు.

ఎత్తాను. మా మామ చాన్నాళ్లు నా చేతి మంచినీళ్లు తాగలేదు. రెండు మళ్లూ పండి, కుప్పలు వేశాక, తనే చెంబు చాపాడు.

ఇక్కడిదాకా కొట్టి మనవరాలు ఆగింది.

"రాజు అలా హెల్ప్ చేయలేదు కదా జేజీ? తాతయ్యే బెటర్."

"నా పక్కన మనిషున్నాడే. ఆమె వెనక ఎవరున్నారు? అయినా కట్టించింది. ఆమెనా నువ్వు పాపమనేది?"

"టీచర్‌గారు ఓకే చేసేశారు జేజీ. ఇప్పుడు చేంజ్ చేస్తే మొత్తం మళ్లీ బైహార్ట్ చేయాలి."

"చెయ్యి. నిన్నేమీ చెరువు తవ్వమనలేదు కదా."

నవ్వి, మళ్లీ టకటకా కొడుతోంది.

ఆ పాపం అన్న మాట తీసేసినావా తల్లీ? సరే, ఇప్పుడు మొదటినుంచీ చదువు, వింటాను.